దోమ కడుపులో గ్రీకు భాష

బేగంపేటలో పాత విమానాశ్రయం దగ్గర రోనాల్డ్ రాస్ పేరుతో ఒక పాత భవనం ఉన్నది. మనలో చాలామంది బస్సులో ఆ దారినే పోతుంటాం, తల తిప్పి చూడం. 1897 ఆగస్టు 20న రాస్ దోమ కడుపును కోసి, సూక్ష్మదర్శిని కింద మలేరియా క్రిమిని చూసింది ఆ బేగంపేటలోనే. దానికే 1902లో నోబెల్ బహుమతి వచ్చింది. హుసేన్ ఖాన్ అనే రోగి తనను కుట్టిన ఒక్కో దోమకు ఒక్కో అణా తీసుకొన్నాడు. పది దోమలు, పది అణాలు!

కథ మీకు తెలిసిందే. నేను రాయదలచింది ఆ దోమ చుట్టూ ముసిరిన మాటల గురించి.

పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివి వచ్చినవాణ్ణి. జువాలజీ క్లాసులో ‘ఊసిస్ట్’, ‘జైగోట్’, ‘ఎరిత్రోసైట్’ అంటుంటే, ఇంగ్లీషు రాకపోవడమే నా లోపమనుకొని, అర్థం కాకుండానే రాత్రంతా బట్టీ పట్టేవాణ్ణి. ఒకసారి పరీక్షలో ఒకదాని బదులు ఇంకొకటి రాసి మార్కులు పోగొట్టుకొన్నాను కూడా. తర్వాత లైబ్రరీలో పెద్ద నిఘంటువు తిరగేస్తే తెలిసింది: ఇవి ఇంగ్లీషువాడి ఇంటి మాటలే కావు. గ్రీకు మాటలు. లండన్ కుర్రవాడైనా వీటిని నాలాగే నేర్చుకోవలసిందే!

ఎరిత్రోసైట్‌ను చూడండి. ‘ఎరిత్రోస్’ అంటే ఎరుపు, ‘కైటోస్’ అంటే గుల్లగా ఉండే పాత్ర. మన ఎర్ర రక్తకణమే. పైగా ఈ ‘ఎరిత్రోస్’, సంస్కృతంలోని ‘రుధిరం’ ఒకే మూలం నుంచి పుట్టినవని భాషాశాస్త్రజ్ఞులు చెబుతారు. గ్రీకు, సంస్కృతం దూరపు చుట్టాలు. ఆర్థ్రోపొడాలోని ‘పొడా’ మన ‘పాదం’కు చుట్టమే, ‘ఆర్థ్రాన్’ అంటే కీలు. తెలుగు పుస్తకంలో దాన్నే ‘సంధిపాదులు’ అన్నారు. మాటకు మాట సరిపోయింది.

ఇక జైగోట్. దోమ కడుపులో క్రిమి స్త్రీ, పురుష బీజాలు కలిసి ఏర్పడేది ఇదే. గ్రీకులో ‘జైగాన్’ అంటే కాడి! రెండెద్దులను కలిపి కట్టే కాడి. సంస్కృతంలో ‘యుగం’ అన్నా మొదట కాడే. తెలుగులో సంయుక్తబీజం అంటాం, ‘యుక్త’ కూడా ఆ ధాతువు నుంచి వచ్చిందే. సెలవులకు పోయినప్పుడు ఇది చెబితే మా నాయిన నవ్వి, “మరి కాడి అనే చెప్పరాదా, గింత తిప్పలెందుకు?” అన్నాడు. జవాబు చెప్పలేకపోయాను.

ఆ జైగోట్ సాగి, కదిలే రూపం దాల్చి ‘ఊకైనీట్’ అవుతుంది. ‘ఊ’ అనగా గుడ్డు, ‘కైనీ’ అనగా కదలిక. అది కడుపు గోడలో దూరి గుండ్రంగా ఊసిస్ట్ అవుతుంది. ‘సిస్ట్’ అంటే సంచి. రాస్ ఆ రోజు చూసినవి ఈ సంచులనే. వాటిలోని నల్లని రేణువులే ఆయనకు ఆనవాలు. ఇప్పుడు ఎవరైనా అడిగితే ఆ వరుస నిద్రలో కూడా చెబుతాను, గుడ్డు కదిలింది, సంచి అయింది అని.

అన్నీ గ్రీకే అనుకోకండి. మలేరియా ఇటాలియన్ మాట, ‘చెడు గాలి’ అని. బురదనేలల గాలి వల్ల జ్వరం వస్తుందని నమ్మిన రోజుల్లో పెట్టిన పేరు. గాలి కాదు, దోమ అని తేలినా పేరు మారలేదు. మా ఊళ్లో వాడే ‘చలిజ్వరం’ నయం, కనీసం రోగికేమవుతుందో చెబుతుంది.

దోమ పేరు మాత్రం గ్రీకే. ‘అనాఫిలిస్’ అంటే నిష్ప్రయోజనమైనది. 1818లో మైగెన్ అనే జర్మన్ ఈ పేరు పెట్టేనాటికి దీని ఘనకార్యం ఎవరికీ తెలియదు. రాస్‌కు ఈ పేరు కూడా తెలియదు, రెక్కల మీద మచ్చలున్న దోమలని మాత్రమే రాసుకొన్నాడు. గ్రీకులు దోమను ‘కోనోప్స్’ అనేవారు, దోమతెరను ‘కోనోపియోన్’ అనేవారు. పెళ్లి స్టేజీ మీద కట్టే ‘కెనోపీ’ అందులోంచి వచ్చిందే.