కోయ డోలి మేళం: గానం, పడిగె, వంశచరిత్ర – ఒక పరిశీలన

ఉపోద్ఘాతం

ఖమ్మం, భద్రాచలం మన్యం అనగానే సాహిత్యలోకానికి భక్త రామదాసు కీర్తనలు స్ఫురిస్తాయి. గోదావరికి ఇరువైపులా ఉన్న అడవి పల్లెల్లో వాటికి భిన్నమైన మరొక గానసంప్రదాయం ఉంది. అదే కోయ డోలి మేళం. కోయల వేల్పుల కథలనూ వంశచరిత్రలనూ వాద్యసహితంగా గానం చేసే డోలీలు కోయ సమాజంలో అంతర్భాగమైన వర్గం. వారి పాత్రను వివరించడం ఈ వ్యాస ఉద్దేశం.

కొలుపులో మేళం స్థానం

కోయ సమాజం గట్టులుగా, గట్టులు ఇంటిపేర్లుగా విభజింపబడి ఉంటాయి. ప్రతి శాఖకూ తనదైన ఇలవేల్పు ఉంటుంది. ఆ వేల్పును కొలిచే వేళ డోలీలు డోలు, కంచుతాళం వాయిస్తూ వేల్పు పుట్టుకను, వంశక్రమాన్ని, పూర్వుల వలసలను, పోరాటాలను గానం చేస్తారు. కనుక ఈ మేళం వినోదానికి మాత్రమే పరిమితమైనది కాదు. ఏ ఇంటిపేరు ఏ గట్టుకు చెందుతుందో, ఎవరితో వియ్యమందవచ్చునో తెలిపే సామాజిక స్మృతి కూడా ఇందులో నిక్షిప్తమై ఉంది.

పడిగె

వేల్పుకు ప్రతీకగా నిలిచే బొమ్మల గుడ్డ పతాకమే పడిగె. మేడారం జాతరకు పూనుగొండ్ల నుండి పగిడిద్దరాజును, కొండాయి నుండి గోవిందరాజును తీసుకొని వస్తారు. సమ్మక్క చిలుకలగుట్ట నుండి కుంకుమభరిణె రూపంలో గద్దెకు చేరుతుంది. రెండేళ్లకొకసారి జరిగే ఈ జాతరలో లక్షలాది భక్తులు చూసేది గద్దెలను. ఆ గద్దెల వెనుక ఉన్న కథను తరతరాలుగా మోసుకొచ్చినవారిలో డోలీలు ముఖ్యులు. పడిగెలోని బొమ్మ కథకు ఆధారం, గానం దానికి వ్యాఖ్యానం. ఒకటి లేనిదే మరొకటి అసంపూర్ణం.

సకిని రామచంద్రయ్య

ఈ సంప్రదాయానికి జాతీయస్థాయి గుర్తింపు తెచ్చిన కళాకారుడు సకిని రామచంద్రయ్య. భద్రాద్రి కొత్తగూడెం జిల్లా మణుగూరు మండలం కూనవరం ఆయన స్వగ్రామం. సమ్మక్క సారలమ్మల గాథను కోయ, తెలుగు భాషలు రెండింటిలోనూ వినిపించగలిగిన ఆయనకు 2022లో భారత ప్రభుత్వం పద్మశ్రీ ప్రకటించింది. 2024 జూన్‌లో ఆయన కన్నుమూశారు.

సంప్రదాయ మనుగడ

పురస్కారం వ్యక్తికి లభిస్తుంది, మేళం మాత్రం సమష్టి కళ. ప్రధాన గాయకుడు, వంతపాడేవారు, వాద్యకారులు, కొలుపు జరిపించే కుటుంబాలు కలిస్తేనే కథ నిలుస్తుంది. వీటిలో ఏది సడలినా ధార తెగుతుంది. గోండికి సన్నిహితమైన కోయ భాషలో మౌఖిక సాహిత్యమే ప్రధానం. అందువల్ల ఒక వృద్ధ గాయకుని మరణంతో ఏ గ్రంథాలయంలోనూ ప్రతి లేని పాఠం అంతరించే ప్రమాదముంది. ధ్వనిముద్రణ పాఠాన్ని భద్రపరచగలదు. అయితే ఏ ఘట్టాన్ని ఏ వంశం వారి ముందు విస్తరించాలో, ఎక్కడ సంగ్రహించాలో అన్న విచక్షణ గురుముఖంగా, కొలుపు సందర్భంలోనే అలవడుతుంది.

ముగింపు

డోలి మేళాన్ని కేవలం జానపద ప్రదర్శనకళగా పరిగణిస్తే దాని చారిత్రక విలువ మరుగున పడుతుంది. అది కోయలు తమ చరిత్రను తామే చెప్పుకొనే పద్ధతి. పాఠసేకరణ, పడిగెల సంరక్షణ, కోయ యువకులకు శిక్షణ అనే మూడు పనులూ ఏకకాలంలో సాగినప్పుడే ఈ మౌఖిక చరిత్ర రాబోయే తరాలకు అందుతుంది.