ముంగిటి సింగారం

ఇల్లు ఎండావానల నుండి కాపాడితే చాలునని మానవుడు ఏనాడూ తృప్తిపడలేదు. తాటాకు కప్పిన గుడిసె గోడకు సైతం జాజుపట్టె తీర్చి, దానిపై సున్నపు బొట్లు దిద్దుకొని మురిసిపోయిన జాతి మనది. ఆ అలంకరణకు ఏనాడూ ధనం ప్రధానం కాలేదు. పెరటిలో దొరికే ఆకు, వంటింట్లో ఉండే పిండి, ఊరి చివర లభించే ఎర్రమట్టి, వీటికి తోడు చేతి నేర్పు. ఇవే తెలుగువారి ముంగిటికి సింగారాలైనాయి.

వీటిలో మొదట చెప్పుకోదగినది ముగ్గు. సంస్కృతంలో దీనిని రంగవల్లి అంటారు. వేకువనే వాకిలి ఊడ్చి, కళ్ళాపి చల్లి, నేల తడి ఆరకముందే ముగ్గు వేయడం మన ఆచారం. తడినేల పిండిని పట్టి ఉంచుతుంది, గాలికి చెదరనీయదు. చూపుడువ్రేలికీ బొటనవ్రేలికీ మధ్య పిండిని ఒడిసిపట్టి, సన్నని ధారగా విడవడంలోనే నేర్పంతా ఉంది.

చుక్కల ముగ్గుకు ఒక లెక్క ఉంది. “7 చుక్కలు, సందు చుక్క, 4 వరకు” అంటే నడిమి వరుసలో 7 చుక్కలు పెట్టాలి. దానికి పైనా క్రిందా, రెండేసి చుక్కల సందున ఒక్కొక్క చుక్క వచ్చేటట్లు 6, 5, 4 చొప్పున తగ్గించుకుంటూ పోవాలి. మొత్తం 37 చుక్కలతో ఆరు భుజాల ఆకారం ఏర్పడుతుంది. చుక్కకూ చుక్కకూ 2 అంగుళాల ఎడం ఉంచితే ఈ ముగ్గు వెడల్పు 1 అడుగు మాత్రమే. ముంగిలి లేని బహుళ అంతస్తుల భవనంలోని గడప ముందు కూడా అది ఒదిగిపోతుంది.

మెలికల ముగ్గు తీరు వేరు. అందులో గీత చుక్కలను తాకదు. వాటి చుట్టూ తిరుగుతూ, తనను తాను దాటుకుంటూ, చివరకు బయలుదేరిన చోటికే చేరుతుంది. ఎక్కడ మలుపు తప్పినా ముగ్గంతా చెడుతుంది. ఇటువంటి అల్లిక వెనుక ఉన్న నియమాలు పండితులను సైతం ఆకర్షించాయి. మద్రాసులో గిఫ్ట్ సిరోమనీ, ఆయన సహచరులు తమిళుల కోలాలను గణితదృష్టితో పరిశీలించి 1974లో ఒక పరిశోధన వ్యాసం ప్రకటించారు. పలకాబలపం పట్టని అవ్వల చేతివ్రేళ్ళలో ఇంతటి గణితం దాగి ఉండడం విశేషం.

నేడు అంగళ్ళలో దొరికే ముగ్గుపిండి చాలావరకు రాతిపొడి. దానికి కొంత బియ్యపుపిండి కలిపితే గీత తెల్లగా వస్తుంది; చీమలకూ పిచ్చుకలకూ ఆహారమూ లభిస్తుంది. గచ్చునేల అయితే నానబెట్టిన బియ్యాన్ని మెత్తగా రుబ్బి, పలుచగా కలిపి, చిన్న గుడ్డపీలికను అందులో ముంచి ముగ్గు దిద్దవచ్చు. ఆరిన పిదప అది కొన్ని దినాలు చెదరక నిలుస్తుంది. రంగులు కావాలంటే పసుపు, ఇటుకపొడి, బొగ్గుపొడి ఉండనే ఉన్నాయి. పసుపులో కొద్దిగా తడిసున్నం కలిపితే ఎరుపు వస్తుంది. సున్నంలోని క్షారగుణం పసుపు రంగును మార్చడమే ఇందుకు కారణం. రసాయనశాస్త్ర తరగతిలో నేర్చుకునే పాఠానికి ముంగిలి కూడా ప్రయోగశాలే.

ముగ్గు నేలకు అలంకారమైతే, తోరణం ద్వారానికి అలంకారం. వందనమాలిక అనే పేరూ దీనికి ఉంది. మూడున్నర అడుగుల ద్వారబంధానికి 2 అంగుళాలకు ఒకటి చొప్పున 20 మామిడాకులు చాలు. ఆకు మొదలును పురికొస మీదుగా వెనుకకు మడిచి, కొబ్బరి ఈనెముక్కతో గ్రుచ్చితే అది జారిపోదు. మామిడాకు దళసరిగా ఉండి, పైన మైనపు పొర కలిగి ఉండడం వలన అందులోని తడి త్వరగా ఆరదు. అందువలననే మెత్తని ఆకులకంటె మామిడాకు ఎక్కువ దినాలు పచ్చగా కనబడుతుంది.

పెండ్లిపందిళ్ళలో రంగు కాగితాల జెండాలు కట్టడం మరొక పద్ధతి. 20 అంగుళాల వెడల్పు, 30 అంగుళాల పొడవు గల పలుచని కాగితాన్ని 5 అంగుళాల చదరాలుగా కత్తిరిస్తే 24 ముక్కలు వస్తాయి. ఒక్కొక్క ముక్కను మూల నుండి మూలకు మడిచి, మడత లోపల పురికొస ఉంచి అంటించాలి. ఒక్కొక్క జెండా పురికొసపై సుమారు 7 అంగుళాలు ఆక్రమిస్తుంది. అంటే ఒక్క కాగితంతో 14 అడుగుల మాల సిద్ధమవుతుంది. మైదాపిండిని ముందుగా చన్నీటిలో ఉండలు లేకుండా కలిపి, సన్నని సెగపై చిక్కబడేవరకు కలియబెడితే జిగురు తయారవుతుంది.

కొన్ని ఇళ్ళలో దసరాకు, మరికొన్ని ఇళ్ళలో సంక్రాంతికి పెట్టే బొమ్మల కొలువు కూడా ఇటువంటిదే. అట్టపెట్టెలను మెట్లుగా పేర్చి, తెల్లని పంచె పరిస్తే వేదిక సిద్ధమవుతుంది. వారం ముందుగా పళ్ళెంలో మట్టి పోసి ఆవాలు, మెంతులు చల్లితే అవి మొలకెత్తి పచ్చిక బయలును తలపిస్తాయి. తెల్లపొణికి కర్రతో చేసిన కొండపల్లి బొమ్మనో, అంకుడు కర్రతో చేసిన ఏటికొప్పాక లక్కబొమ్మనో ఏటికొకటి కొని చేర్చుకుంటే కొలువు పెరుగుతుంది. కళాకారునికీ పని దొరుకుతుంది.

వీటన్నింటి స్థానాన్ని క్రమంగా ప్లాస్టిక్ మామిడాకులు, నేలకు అంటించే ముగ్గుల కాగితాలు ఆక్రమించాయి. అవి ఒకనాటి శ్రమను తగ్గించే మాట నిజమే. కాని మట్టిలో కలవని చెత్తను అవి మిగిల్చిపోతాయి. అలంకరణకు వాడే థర్మోకోల్‌ను కేంద్రప్రభుత్వం 2022 జులై 1 నుండి నిషేధించింది. ముగ్గుకు ఆ దోషం లేదు. సాయంత్రానికి చెరిగిపోవడమే దాని స్వభావం. మరునాటి ఉదయం మరల పుట్టడమే దాని జీవం. అయితే వేసే చేతులు కరువైతే మాత్రం ఆ మరునాడు రాదు.

ఇక్కడ ఆలోచించవలసిన విషయం మరొకటి ఉంది. “ఇంటిని చూచి ఇల్లాలిని చూడు” అన్నారు పెద్దలు. ఈ సామెత ఇల్లాలి నేర్పును మెచ్చుకున్నది. కాని ఇంటి అందమంతా ఆమె ఒక్కతె బాధ్యత అన్న భావనకూ తావిచ్చింది. చలిలో లేచి వాకిలి ఊడ్చిన చేతులను ఎవరూ గమనించలేదు. ఆ పనిని కళగా లెక్కించినవారూ తక్కువే. ఈనాటి ఆడపిల్లలు చదువులకు, ఉద్యోగాలకు వెళుతున్నందుకే ముగ్గులు అంతరిస్తున్నాయని వారిని నిందించడం న్యాయం కాదు. ఒకరి మీద మోపిన భారం ఏదో ఒకనాటికి జారిపోతుంది. పదిమంది పంచుకున్న పని పదికాలాలు నిలుస్తుంది. తోరణం గ్రుచ్చడానికి, జిగురు కాచడానికి, చుక్కలు లెక్కపెట్టడానికి స్త్రీపురుష భేదం లేదు.

ఎన్నో ఇళ్ళలో అమ్మమ్మల ముగ్గుల పుస్తకాలు పాత పెట్టెల అడుగున పడి ఉన్నాయి. వాటిలోని గీతలు కాగితంపై ఉన్నంతకాలం గుర్తులు మాత్రమే. వాకిట్లోకి వచ్చినప్పుడే కళ అవుతాయి. యువతీయువకులు ఈ సెలవుదినాలలో పెద్దల వద్ద కూర్చుండి ఒక్క ముగ్గైనా నేర్చుకొంటే ఆ కళకు మరొక తరం ఆయుష్షు పోసినవారవుతారు. కొన్న వస్తువు ఇంటిని నింపవచ్చు. చేసిన వస్తువు ఇంటిలోని మనుషులను ఒకచోట చేరుస్తుంది. ముంగిటి సింగారానికి అంతకుమించిన ప్రయోజనం ఏమున్నది?