ఆట పుట్టిన దేశమే ఆడని కప్పు

ఆస్ట్రేలియాలో పుట్టిన ఒక ఫుట్‌బాల్‌కు అంతర్జాతీయ పోటీ పెట్టి, అందులో ఆస్ట్రేలియాను మాత్రం ఆడించలేదు. 2002 నుంచి 2017 దాకా మూడేళ్లకోసారి, మొత్తం ఆరుసార్లు జరిగిన ‘ఇంటర్నేషనల్ కప్’ సంగతి ఇది. వినగానే పెళ్లికొడుకు లేని పెళ్లిలా అనిపిస్తుంది. కానీ ఒక దేశపు ఆట పరాయి నేలలో నిజంగా వేళ్లూనుకుందో లేదో తేల్చడానికి ఇంత నిక్కచ్చి పద్ధతి అరుదు. కబడ్డీనీ ఖోఖోనూ ప్రపంచమంతా ఆడించాలని ఉబలాటపడుతున్న మనం దాన్ని కొంచెం నిదానంగా చూడాలి. ఊరూరి నుంచీ మనుషుల్ని గల్ఫ్‌కు పంపిన జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల వాళ్లకైతే ఈ ప్రశ్న ఇంకా దగ్గరిది.

ముందు ఆట గురించి రెండు మాటలు. 1859లో మెల్‌బోర్న్‌లో దీనికి తొలి నియమాలు రాశారు. రాసినవారిలో ఒకడైన టామ్ విల్స్ పేరున్న క్రికెటర్. చలికాలంలో క్రికెటర్లు ఒళ్లు బరువెక్కకుండా ఏదో ఒక ఆట ఉండాలన్నది అతని ఆలోచన. అందుకే ఇప్పటికీ దీన్ని కోలగా ఉండే క్రికెట్ మైదానాల్లోనే ఆడతారు. బంతీ కోలగానే ఉంటుంది. జట్టుకు 18 మంది. రెండు చివర్లా నాలుగేసి స్తంభాలు. నడిమి రెండింటి మధ్య నుంచి తన్నితే 6 పాయింట్లు, పక్కవాటి మధ్య నుంచి పోతే 1. బంతిని చేత్తో విసరకూడదు. ఒక అరచేతిలో పెట్టుకుని రెండో చేతి పిడికిలితో గుద్ది అందించాలి.

ఇక కప్పు. దీనికి పెట్టుకున్న ముఖ్యమైన షరతు ఒక్కటే: ఏ దేశం తరఫున ఆడుతున్నాడో ఆ దేశంలోనే ఆటగాడు బడి వయసు గడిపి ఉండాలి. లండన్‌లో ఉద్యోగం చేసుకునే ఆస్ట్రేలియన్లు పదిమంది కలిసి బ్రిటన్ జట్టు అని చెప్పుకోవడం ఇక్కడ కుదరదు. ఈ షరతుతో 2002లో 11 దేశాలు వచ్చాయి. 2008లో భారత్ తొలిసారి ఆడింది. 2011 నుంచి మహిళలకూ పోటీ పెట్టారు, మొదటి విజేత ఐర్లాండ్. పురుషుల ఫైనల్ ఆరింటిలోనూ పాపువా న్యూగినీ ఉంది. 2008, 2014, 2017ల్లో గెలిచింది. రెండుసార్లు ఐర్లాండ్ చేతిలో, ఒకసారి న్యూజిలాండ్ చేతిలో ఓడింది. పాపువా 1975 దాకా ఆస్ట్రేలియా పాలనలోనే ఉంది కదా, ఇందులో వింతేముంది అనవచ్చు. నిజమే, ఆట అక్కడికి పాలకులతోనే వచ్చింది. కానీ 2008లో కప్పు ఎత్తిన కుర్రాళ్లలో ఎక్కువమంది ఆ పాలన పోయాక పుట్టినవాళ్లే అయ్యుండాలి. దొరలు వెళ్లిపోయాక కూడా పిల్లలు ఆడుతున్నారంటే ఆ ఆట వాళ్లదైపోయినట్టే. బడి వయసు షరతు వల్లే ఆ తేడా బయటపడింది.

క్రికెట్ వేరే దారి పట్టింది. 1994లో ఐసీసీ ట్రోఫీ గెలిచిన యూఏఈ జట్టులో కెప్టెన్ సుల్తాన్ జరవానీని పక్కనపెడితే దాదాపు అందరూ భారత ఉపఖండం నుంచి బతుకుదెరువుకు వెళ్లినవాళ్లే. ఆ జట్టు 1996 ప్రపంచకప్ కూడా ఆడింది. మన తేజ నిడమనూరు విజయవాడలో పుట్టి, న్యూజిలాండ్‌లో పెరిగి, పెద్దయ్యాక నెదర్లాండ్స్ చేరాడు. 2023 ప్రపంచకప్ క్వాలిఫయర్‌లో వెస్టిండీస్ మీద 111 కొట్టి, ఆ జట్టు 374 పరుగుల స్కోరును అందుకుని టై చేయడానికి కారణమయ్యాడు. గెలుపు సూపర్ ఓవర్లో దక్కింది. తెలుగువాళ్లంతా మురిసిపోయారు, తప్పులేదు. అయితే ఇంటర్నేషనల్ కప్ లెక్కన అతను ఆడాల్సింది న్యూజిలాండ్ తరఫున.

ఇది వలసపోయినవాళ్లకు అన్యాయం కాదా? సాంచాలు ఆగిపోయి సిరిసిల్ల నుంచీ, పంట కలిసిరాక కోరుట్ల పల్లెల నుంచీ దుబాయి పోయినవాడు ఇరవై ఏళ్లు అక్కడ చెమటోడ్చినా పౌరసత్వం రాదు. ఆటలోనైనా చోటివ్వకపోతే ఎట్లా? ఈ ప్రశ్నకు బలముంది. మనిషిని తనవాడుగా ఒప్పుకునే విషయంలో క్రికెట్ ఉదారంగా ఉంది, దాన్ని మెచ్చుకోవాల్సిందే. కాకపోతే మనిషికి న్యాయం జరగడం ఒకటి, ఆట ఆ నేలకు చేరడం మరొకటి. గల్ఫ్‌లో మనవాళ్లు సెలవునాడు ఆడే క్రికెట్ వాళ్లు ఊళ్లో నేర్చుకున్నదే. కూలికి పోయినవాడికి కుటుంబాన్ని తీసుకుపోయే వీలు ఎక్కువగా ఉండదు కాబట్టి పిల్లలు జగిత్యాల బళ్లోనే ఆడుకుంటారు. తండ్రి వీసా అయిపోగానే అతని ఆట కూడా విమానమెక్కి తిరిగొస్తుంది. అరబ్బు పిల్లవాడు బ్యాటు పట్టాడా లేదా అన్నది ఆ స్కోరుకార్డు చూసి చెప్పలేం.

ఆస్ట్రేలియా లేని కప్పుకు విలువేముంది అన్న ఆక్షేపణ ఇంకా పదునైంది. అసలైనవాణ్ని ఓడించకుండా ఛాంపియన్ ఎట్లా అవుతారు? దీనికి జవాబు కబడ్డీలో వెతకాలి. 1990 బీజింగ్ ఆసియా క్రీడల్లో ప్రవేశించిన పురుషుల కబడ్డీలో 2014 దాకా ప్రతి స్వర్ణం మనదే. 2016 అహ్మదాబాద్ ప్రపంచకప్‌లో దక్షిణ కొరియా మొదటి మ్యాచ్‌లోనే మనల్ని 34-32తో ఓడించింది, చివరికి కప్పు మాత్రం మనకే వచ్చింది. 2018లో జకార్తా సెమీస్‌లో ఇరాన్ 27-18తో గెలిచాక గానీ ఆసియా క్రీడల్లో మన వరస తెగలేదు. అంటే పుట్టింటి జట్టును పడగొట్టడానికి 28 ఏళ్లు పట్టింది. అది కూడా ఆసియా క్రీడలంత పెద్ద వేదిక, అక్కడి పతకం కోసం ప్రభుత్వాలు పెట్టే ఖర్చు ఉండబట్టి. సొంత డబ్బుతో టికెట్ కొనుక్కుని వచ్చే అమెచ్యూర్లను జీతాలు తీసుకునే ఆస్ట్రేలియన్ల ముందు నిలబెడితే వందల పాయింట్ల తేడా తప్ప తెలిసేదేమీ ఉండదు. ఆ వేళ్లు ఇంకా లేతగా ఉన్నంతకాలం ఆస్ట్రేలియా పక్కకు తప్పుకోవడం తెలివైన పనే అంటాను. 2020 పోటీ కోవిడ్‌తో ఆగిపోవడం విచారకరం, ఎందుకంటే ఇలాంటి లెక్క చాలా ఏళ్లు వరసగా చూస్తేనే ఏదైనా చెబుతుంది.

2025 జనవరిలో ఢిల్లీలో తొలి ఖోఖో ప్రపంచకప్ జరిగింది. పురుషులు, మహిళలు రెండు ఫైనళ్లలోనూ నేపాల్‌ను ఓడించి కప్పులు మనమే తీసుకున్నాం. ఎన్ని దేశాలు వచ్చాయో ఘనంగా చెప్పుకున్నారు. వచ్చే కప్పుకు మన జట్టును పక్కన పెట్టమని ఎవరూ అడగరు, అడిగినా జరగదు. అంతకంటే తేలికైన పని ఒకటుంది: ప్రతి జట్టు జాబితాలో పేరు పక్కనే ఆ ఆటగాడు ఏ దేశపు బడిలో చదివాడో, ఆట ఎక్కడ నేర్చుకున్నాడో అచ్చువేయడం. మ్యాచ్ మొదలుకాకముందే ఏ జట్టు ఆ దేశానిదో, ఏది అక్కడ బతుకుతున్న మనవాళ్లదో చూసేవాళ్లకు తెలిసిపోతుంది.