పెట్టె మీది పేరు: కొండపల్లి బొమ్మల తయారీ కిట్టు - గుర్తింపు, ప్యాకింగు రూపకల్పన

వ్యాససంగ్రహం:
చేతివృత్తి వస్తువును పూర్తి రూపంలో కాక విడిభాగాలుగా, రంగులు, కుంచెలు, సూచనల పత్రంతో సహా పెట్టెలో అమర్చి అమ్మే పద్ధతిని ‘హస్తకళా కిట్టు’ అనవచ్చు. ఇందులో పనిలో కొంత కళాకారునిది, కొంత కొనుగోలుదారునిది. అందువల్ల పెట్టె మీద ఏ పేరు ఉండాలి, అది ఎవరికి చెందాలి అనే ప్రశ్న వస్తుంది. కొండపల్లి బొమ్మలను ఆధారంగా చేసుకొని ఈ ప్రశ్నను చట్టం, వృత్తి, భాష అనే మూడు కోణాల నుంచి ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: కొండపల్లి బొమ్మలు, భౌగోళిక సూచిక, హస్తకళా కిట్టు, ప్యాకింగు, వృత్తిపదాలు.

1. ఉపోద్ఘాతం:
అమరావతి పరిసర ప్రాంతంలో ఊరి పేరే సరుకుకు గుర్తింపుగా నిలిచిన ఉదాహరణలు అనేకం. మంగళగిరి చీర, దుర్గి రాతిశిల్పం, గుంటూరు సన్నం మిర్చి, కృష్ణకు ఆవలి వైపున కొండపల్లి బొమ్మ ఇలాంటివే. ఇవన్నీ భౌగోళిక సూచికలుగా నమోదైనవి. వాణిజ్యశాస్త్రం ‘బ్రాండు’ అని పిలిచే విశ్వాసాన్ని ఈ ఊళ్లు ప్రకటనలతో కాక తరాల పనితనంతో సంపాదించుకున్నాయి. కాబట్టి ఇక్కడ కిట్టును రూపొందించేవారు కొత్త పేరును సృష్టించడం కంటే, ఉన్న పేరును చెడగొట్టకుండా వాడుకోవడం ముఖ్యం.

2. కిట్టుకు అనువైన నిర్మాణం:
కొండపల్లి బొమ్మను తెల్లపొణికి కర్రతో చేస్తారు. ఇది తేలికైన, మెత్తని కర్ర. దీనిని సన్నని సెగన ఆరబెట్టి తేమ తీసిన తరువాత చెక్కుతారు. కాళ్లు, చేతులు వంటి అవయవాలను విడిగా చెక్కి, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన ‘మక్కు’తో అతుకుతారు. ఆపై నునుపు చేసి, సుద్ద పూసి, రంగులు వేస్తారు. అంటే విడిభాగాలు, అతుకు, పూత, రంగు అనే క్రమం ఈ కళలోనే ఉంది. కిట్టు ఈ క్రమాన్ని ఒక చోట ఆపి, మిగిలిన పనిని కొనుగోలుదారునికి అప్పగిస్తుంది.

ఎక్కడ ఆపాలన్నదే రూపకల్పనలో మొదటి నిర్ణయం. చెక్కడం వరకు కొండపల్లిలో జరిగి అతుకు, పూత, రంగు ఇంటికి వదిలితే కళాకారుని ముఖ్యమైన నైపుణ్యం పెట్టెలో నిలుస్తుంది. చెక్కడమే యంత్రానికి అప్పగించి, ఊరి పేరును మాత్రం పెట్టె మీద ముద్రిస్తే ఆ పేరుకు ఆధారం ఉండదు.

3. పేరుపై హక్కు:
భౌగోళిక సూచికల చట్టం 1999లో రూపొంది, 2003 సెప్టెంబరు 15 నుంచి అమలులోకి వచ్చింది. కొండపల్లి బొమ్మలు 2006-07లో నమోదయ్యాయి. ట్రేడ్‌మార్కు ఒక వ్యక్తికో, సంస్థకో చెందుతుంది, దానిని అమ్ముకోవచ్చు. భౌగోళిక సూచిక అలా కాదు. అది ఉత్పత్తిదారుల సమష్టి హక్కు. దానిని బదిలీ చేయడానికి, తాకట్టు పెట్టడానికి చట్టం అంగీకరించదు. అధీకృత వినియోగదారుగా నమోదైన ఉత్పత్తిదారు దానిని వాడుకుంటాడు.

తయారీ వస్తువుల విషయంలో ఉత్పత్తి, శుద్ధి, తయారీ పనులలో ఏదో ఒకటి ఆ ప్రాంతంలో జరగాలని చట్టనిర్వచనం చెబుతుంది. దీని ప్రకారం కొండపల్లిలో చెక్కిన భాగాలకు ఊరి పేరుతో సంబంధం స్పష్టమే. అయితే కొనుగోలుదారు రంగు వేసిన బొమ్మను నమోదులో వర్ణించిన సంపూర్ణ వస్తువుతో సమానంగా చూపడం సరికాదు. ‘కొండపల్లిలో చెక్కినది, రంగులు మీవి’ అనే తరహా వాక్యం నిజాయితీకి నిజాయితీ, ఆకర్షణకు ఆకర్షణ.

ఈ సందర్భంలో రెండంచెల పేరు ఉపయోగపడుతుంది. రాష్ట్ర హస్తకళల సంస్థ తన విక్రయశాలలకు ‘లేపాక్షి’ అనే పేరు పెట్టుకొని, దాని కింద వివిధ ఊళ్ల కళలను అమ్ముతోంది. అలాగే కిట్టుకు సంస్థ తన సొంత పేరు పెట్టుకోవచ్చు. ఊరి పేరు మాత్రం భాగాల మూలాన్ని తెలిపే స్థానంలో ఉండాలి. అప్పుడు వ్యాపారం మారినా, మూతపడినా ఊరి పేరు ఊరికే మిగులుతుంది.

4. పెట్టె నిర్మాణం - చట్టపరమైన వివరాలు:
మెత్తని కర్రకు ఒత్తిడి, తేమ శత్రువులు. కాబట్టి గట్టి అట్టపెట్టెలో ఒక్కొక్క భాగానికి ఒక్కొక్క గూడు అవసరం. ఎడ్లబండి కిట్టులో చక్రాలు, ఎడ్లు, కాడి, బండివాడు అనే భాగాలను అతికే వరుసలోనే గూళ్లలో అమరిస్తే, పెట్టె తెరవగానే పనిక్రమం కనిపిస్తుంది. మక్కును పొడిగా వేరే పొట్లంలో ఉంచి, నీరు కలుపుకొనే పద్ధతిని సూచించాలి.

2011 నాటి ప్యాకేజీ వస్తువుల తూనికలు-కొలతల నియమాల ప్రకారం తయారీదారు లేదా ప్యాకు చేసినవారి పేరు, చిరునామా, వస్తువు సాధారణ నామం, పరిమాణం, గరిష్ఠ చిల్లర ధర, వినియోగదారుల ఫిర్యాదుల వివరాలు పెట్టెపై ఉండాలి. పద్నాలుగేళ్ల లోపు పిల్లల ఆటవస్తువుగా అమ్మితే 2021 జనవరి 1 నుంచి అమలులో ఉన్న బొమ్మల నాణ్యతా నియంత్రణ ఉత్తర్వు ప్రస్తావనకు వస్తుంది. హస్తకళల అభివృద్ధి కమిషనరు వద్ద నమోదైన కళాకారులు తయారుచేసి అమ్మే వస్తువులకు అందులో మినహాయింపు ఉంది. భాగాలను కొని పెట్టె కట్టి అమ్మే మధ్యవర్తి సంస్థ ఆ మినహాయింపు తనకూ ఉందని ముందుగానే భావించరాదు. కళాకారుడే విక్రేతగానో, భాగస్వామిగానో ఉండాలనడానికి ఇది మరొక కారణం.

5. పెట్టె మీది తెలుగు:
పైన చెప్పిన నియమాల ప్రకారం తప్పనిసరి వివరాలు దేవనాగరి లిపిలో హిందీలో గానీ, ఇంగ్లీషులో గానీ ఉండాలి. ఇతర భాషలను అదనంగా వాడుకోవచ్చు. అంటే తెలుగునేల మీద పుట్టిన బొమ్మ పెట్టె మీద తెలుగు ఐచ్ఛికమే. రూపకర్త పూనుకుంటేనే అది అక్కడికి చేరుతుంది.

సూచనల పత్రంలో ‘జిగురు’, ‘ప్రైమరు’ అని రాస్తే పని జరుగుతుంది. ‘మక్కు’, ‘సుద్ద’, ‘తెల్లపొణికి’ అని రాస్తే పనితో పాటు పదమూ అందుతుంది. చేతితో చేస్తూ నేర్చుకొన్న పదం నిఘంటువులో చదివిన పదం కంటే బలంగా నిలుస్తుంది. బొమ్మలకొలువు పెట్టే ఇళ్లు ఈ కిట్టుకు సహజమైన పాఠకులు కూడా. వృత్తిపదకోశాలపై కృషిచేసే తెలుగు పరిశోధకులకు ఈ చిన్న పత్రం ఒక కార్యక్షేత్రం కాగలదు: పదాన్ని కళాకారుని నోట విని, సరిచూసి, వాక్యంలో పెట్టడం వారికి తెలిసిన పనే.

6. ముగింపు:
హస్తకళా కిట్టుకు రూపకల్పన అంటే రంగుల అట్టపెట్టె మాత్రమే కాదు. ఏ పని ఎవరు చేశారో స్పష్టంగా చెప్పడం, ఊరి పేరును దాని హక్కుదారుల వద్దే ఉంచడం, వృత్తిపదాలను కొనుగోలుదారుని చేతికి అందించడం అందులోని ప్రధానాంశాలు. ఈ మూడూ కుదిరితే కిట్టు కళాకారునికి అదనపు జీవనాధారమవుతుంది. కుదరకపోతే, ఊరి పేరు పెట్టెపై ఉండి ఊరివారికి పని లేని స్థితి ఏర్పడుతుంది.