చెరలో ఉన్నవారిని వెదకివచ్చిన దేవుడు – యెహెజ్కేలు గ్రంథ పరిచయం

కుటుంబ ప్రార్థనలో మనం తరచుగా దాటివేసే గ్రంథాలలో యెహెజ్కేలు ఒకటి. నాలుగు ముఖాల జీవులు, కన్నులతో నిండిన చక్రాలు కనబడగానే "ఇది మనకు అర్థమయ్యేది కాదు" అనుకొని పేజీ తిప్పుతాము. అయితే ఈ 48 అధ్యాయాలలోని వర్తమానాన్ని మొదట విన్నవారు సొంత ఊరు, ఇల్లు, పొలం విడిచి పరాయి దేశంలో పడిన కుటుంబాలవారు.

క్రీ.పూ. 597లో బబులోను రాజైన నెబుకద్నెజరు యెరూషలేమును లోబరచుకొన్నాడు. యెహోయాకీను రాజును, అధిపతులను, కంసాలులను, కమ్మరులను చెరగా తీసుకొనిపోయాడు. ఆ రాజుకూ అతని కుమారులకూ నూనె కొలిచి ఇచ్చిన లెక్కలు బబులోను శిథిలాలలోని మట్టిపలకల మీద దొరికాయి.

చెరపట్టబడినవారిలో బూజీ కుమారుడైన యెహెజ్కేలు ఉన్నాడు. ఆయన యాజకుడు. గ్రంథం మొదట చెప్పబడిన ముప్పదియవ సంవత్సరం ఆయన వయస్సేనని అనేకులు తలుస్తారు. అలాగైతే, దేవాలయ సేవలో నిలువవలసిన ఏట ఆయన కెబారు నదీతీరాన ఉన్నాడు. అది క్రీ.పూ. 593. బలిపీఠం లేదు, ధూపం లేదు. "దేవుడు యెరూషలేములోనే ఉండిపోయాడా? మనలను మరచిపోయాడా?" అన్నది ఆ చెరవారి ప్రశ్న.

అప్పుడే ఆయనకు దర్శనం కలిగింది. దేవుని సింహాసనం క్రింద చక్రాలున్నాయి. అవి వెనుకకు తిరుగకుండ నాలుగు దిక్కులకూ సాగగలవు. ఆ చక్రాల భావం ఇక్కడే తెలుస్తుంది: ఆయన మహిమ ఒక్క పట్టణానికి కట్టుబడినది కాదు. అది బబులోను దేశానికి వచ్చింది.

యెరూషలేములో మిగిలినవారు మాత్రం, చెరకు పోయినవారు దేవునికి దూరమయ్యారనీ, దేశం ఇక తమదేననీ చెప్పుకొన్నారు. దేవుడు ఆ లెక్కను తారుమారు చేశాడు. చెదిరిపోయినవారికి తానే కొంతకాలం పరిశుద్ధాలయంగా ఉంటానని 11వ అధ్యాయంలో సెలవిచ్చాడు. అదే అధ్యాయంలో, విగ్రహాలతో అపవిత్రమైన ఆలయాన్నీ పట్టణాన్నీ విడిచి ఆయన మహిమ తరలిపోయింది.

తండ్రుల పాపం తమ నెత్తిమీద పడిందని నిరాశపడినవారికి 18వ అధ్యాయం జవాబిస్తుంది. ప్రతివాడూ తన నడతకే లెక్క చెప్పాలి. ఎవడైనా మనస్సు త్రిప్పుకొంటే బ్రదుకుతాడు.

24వ అధ్యాయం చదవడం కష్టం. ప్రవక్తకు కన్నులకు ఇంపైన భార్య ఒక్క దినాన మరణించింది. బహిరంగంగా ఏడవవద్దని ఆయనకు ఆజ్ఞ. యెరూషలేము ఆలయం పోయేటప్పుడు ఈ ప్రజలకు కూడా కన్నీరు రాని దుఃఖమే కలుగుతుందనడానికి అది సూచన. గ్రంథం ఆ బాధను తేలిక చేసి చూపదు. క్రీ.పూ. 586లో ఆలయం కాలిపోయింది.

పట్టణం కూలిన వార్త 33వ అధ్యాయంలో చేరిన తరువాత ఆదరణ మాటలు విస్తరిస్తాయి. మందను మేపక తమను తామే మేపుకొన్న కాపరులకు బదులు దేవుడే గొఱ్ఱెలను వెదకుతాడు (34). రాతి గుండె తీసి మాంసపు గుండె ఇస్తాడు (36). ఎండిన యెముకలకు జీవం పోస్తాడు (37). చివరి దర్శనంలో ఆలయం నుండి పారే నది ఉప్పు సముద్రపు నీళ్లను బాగుచేస్తుంది (47). అందులో కనబడే పట్టణానికి, యెహోవా అక్కడ ఉన్నాడని అర్థమిచ్చే పేరుతో గ్రంథం ముగుస్తుంది.

యెహెజ్కేలు యెరూషలేముకు తిరిగి వెళ్లినట్లు గ్రంథంలో లేదు. చెరవారు తిరిగి వెళ్లవచ్చునని పారసీక రాజైన కోరెషు ఆజ్ఞ క్రీ.పూ. 538లో గాని రాలేదు. ప్రవక్త చివరి వర్తమానపు తేదీ క్రీ.పూ. 571. తాను చూడని దినాన్ని నమ్మి, కెబారు ఒడ్డుననే ఆయన ప్రకటిస్తూ వచ్చాడు.

పనికోసం బిడ్డలను దూరదేశాలకు పంపిన తల్లిదండ్రులారా, సొంత సంఘానికి దూరమైనవారలారా, ఈ వారం 1, 11, 18, 34, 36, 37, 47 అధ్యాయాలను దినానికొకటి చొప్పున ఇంటిల్లిపాది చదవండి. దూరాన ఉన్న మీ వారికి కూడా ఈ ఏడు అధ్యాయాలు వ్రాసి పంపండి. ఒకే దినాన ఒకే భాగం ఇక్కడా అక్కడా చదవవచ్చు.