బాస్‌తో ఎంతవరకు చెప్పొచ్చు?

మానేయాలని పూర్తిగా తేల్చుకోలేదు. అలాగని ఉండబుద్ధీ కావడం లేదు. ఆ ఊగిసలాటలో మేనేజర్ ఎదుట కూర్చున్న మనిషి ఏది చెప్పాలి, ఏది దాచుకోవాలి?

హైక్ లెటర్లు వచ్చే రోజుల్లో హైటెక్ సిటీ చాయ్ బండ్ల దగ్గర వినిపించేవి రెండే ముచ్చట్లు. ఎవరికి ఎంత పెరిగింది, ఎవరు పేపర్ పెట్టారు. ఆశపడ్డదాంట్లో సగం కూడా రానివాడు ఆ రాత్రే నౌక్రీ ప్రొఫైల్ తెరిచి నాలుగు అక్షరాలు మారుస్తాడు. వారం తిరక్కుండా వన్ ఆన్ వన్‌లో మేనేజర్ అడుగుతాడు: ‘‘ఏంటి, ఈ మధ్య డల్‌గా ఉంటున్నావ్? ఏమైనా ప్లాన్స్ ఉన్నాయా?’’

అడిగింది పరాయివాడైతే లేదని చెప్పి లేచి రావచ్చు. రాత్రి రెండింటికి రిలీజ్ కాల్‌లో మనతోపాటు మేలుకున్న మనిషాయె. నాన్నకు బైపాస్ అయినప్పుడు లీవు గురించి ఒక్క మాట అడగని మనిషి. అబద్ధం చెప్పడానికి నోరు రాదు. ‘‘నిజం చెప్పాలంటే అన్నా, చూస్తున్నాను’’ అనేస్తారు చాలామంది. అనేశాక గుండె తేలికవుతుంది. చిక్కులు ఆ తర్వాత మొదలవుతాయి.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. పనిలో ఉన్న ఇబ్బందిని ముందుగా, వివరంగా చెప్పాలి. వెళ్లిపోవడాన్ని ఆలస్యంగా, క్లుప్తంగా చెప్పాలి. మనవాళ్లు ఎక్కువగా దీన్ని తిరగేస్తారు. ఇబ్బంది గురించి ఏడాది పొడుగునా కిమ్మనరు. ఆఫర్ లెటర్ చేతికి రాకముందే వెళ్లిపోతానేమోనని మాత్రం చెప్పేస్తారు.

మేనేజర్ మంచివాడే కావచ్చు. కానీ ఆయనకూ ఒక మేనేజర్ ఉంటాడు. వచ్చే క్వార్టర్‌కి ఎవరెవరు ఉంటారో రాసివ్వమని పైనుంచి మెయిల్ వస్తే, మీరు చెప్పింది తెలిసి కూడా మీ పేరు ఎదుట టిక్కు పెట్టడం ఆయనకు ఇరకాటమే. కొత్త ప్రాజెక్టు వస్తే, ఉంటాడో ఉండడో తెలియని మీకు బదులు పక్క సీటువాడికి ఇస్తాడు. ఆన్‌సైట్‌కి పేరు పంపేటప్పుడూ అంతే. ఇందులో ద్రోహమేమీ లేదు, ఉద్యోగం చేసుకుంటున్నాడు. 2025 జులైలో టీసీఎస్ తన సిబ్బందిలో దాదాపు 2 శాతాన్ని, అంటే 12 వేల మందికి పైగా తగ్గించుకుంటామని ప్రకటించింది. అలాంటి కాలంలో ఏ కంపెనీలోనైనా తీసేయాల్సినవాళ్ల జాబితా అడిగితే, ‘ఎలాగూ వెళ్తానన్నాడుగా’ అన్న ఒక్క జ్ఞాపకం చాలు.

మరి ఇబ్బంది చెప్పడమెలా? ఈ మాదిరిగా అనుకోండి: ‘‘ఆరు నెలలుగా రెండు ప్రాజెక్టులు చూస్తున్నాను. శని, ఆదివారాలు కూడా మిగలడం లేదు. జూన్‌లోగా ఒకదాని నుంచి తప్పించగలరా?’’ అవస్థేమిటో చెప్పారు, కావాల్సింది అడిగారు, గడువూ పెట్టారు. ఇక జూన్ దాకా చూస్తే ఉండాలా, వెళ్లాలా అన్న మీ ప్రశ్నకు జవాబు దానంతటదే దొరుకుతుంది. అదే మాటల చివర ‘‘లేకపోతే నేనూ ఆలోచించుకోవాల్సి వస్తుంది’’ అని తగిలించారా, అంతా పాడైనట్టే. మేనేజర్‌కి ఇక మీ శని, ఆదివారాలు గుర్తుండవు, బెదిరింపే గుర్తుంటుంది. జీతం సంగతీ ఇంతే. డబ్బు పెంచితే ఉండిపోతాననుకుంటే డబ్బే అడగాలి. లేని ఆఫర్‌ను ఉన్నట్టు చూపించి కౌంటర్ ఆఫర్ రాబట్టాలనుకునేవాళ్లు, ‘‘అయితే ఆల్ ద బెస్ట్’’ అన్న జవాబుకూ సిద్ధపడి క్యాబిన్‌లోకి వెళ్లాలి.

తొంభై రోజుల తంటా

మన ఐటీలో ఈ వ్యవహారాన్ని ముడేసింది 90 రోజుల నోటీసు. అమెరికాలో రెండు వారాలు చాలనుకునే పరిశ్రమే ఇక్కడ మూడు నెలలు ఉండి, పని ఇంకొకరికి నేర్పి (కేటీ ఇచ్చి) వెళ్లమంటుంది. కొత్త కంపెనీ నుంచి ఫోన్ రాగానే మొదటి ప్రశ్న, ‘‘నోటీస్ పీరియడ్ ఎంతండీ? బై అవుట్ ఉందా?’’ తొంభై అనగానే చాలా ఫోన్లు అక్కడే ఆగిపోతాయి. అందుకే చేతిలో ఏమీ లేకుండా ముందు పేపర్ పెట్టేసి, నోటీసులో ఉండగా ఇంటర్వ్యూలకు తిరిగే అలవాటు పుట్టింది. 2021, 2022లో ఈ ఆట జోరుగా సాగింది. ఒక ఆఫర్ చూపించి ఇంకొకటి, దాన్ని చూపించి మరొకటి. మార్కెట్ చల్లబడ్డాక ఇదే ఆట ఆడితే, ఎనభయ్యో రోజున మేనేజర్ దగ్గరికెళ్లి ‘రాజీనామా వెనక్కి తీసుకోవచ్చా’ అని అడగాల్సిన పరిస్థితి.

తీసుకోవచ్చా? దీని మీద సుప్రీంకోర్టు 1978లో ఇచ్చిన తీర్పు ఒకటుంది. వెనక్కి తీసుకున్నాయన మామూలు ఉద్యోగి కాదు, అలహాబాద్ హైకోర్టు న్యాయమూర్తి జస్టిస్ సతీశ్ చంద్ర. ఆగస్టు 1 నుంచి తప్పుకుంటానని 1977 మే 7న రాష్ట్రపతికి లేఖ రాశారు. జులై 15న మనసు మార్చుకుని ఆ లేఖను ఉపసంహరించుకున్నారు. అది చెల్లదని కొందరు కోర్టుకెక్కారు. ముందు తేదీ వేసి ఇచ్చిన రాజీనామాను, అడ్డుకునే నిబంధన ఏదీ లేనప్పుడు, ఆ తేదీ వచ్చేలోగా వెనక్కి తీసుకోవచ్చని సుప్రీంకోర్టు తేల్చింది. జడ్జి గారి ఉద్యోగం నిలిచింది. ప్రైవేటు కంపెనీలో మాత్రం అపాయింట్‌మెంట్ లెటర్‌లో ఏం రాసుకున్నారో అది చూసుకోవాలి. మీ సీట్లోకి అప్పటికే మనిషి వచ్చేసి ఉంటే చట్టం మీ పక్షాన ఉన్నా పెద్దగా ఒరిగేది ఉండదు.

నోరు తెరిచే ముందు తేదీలు చూసుకోవాలి. దీన్ని జనం ఎందుకింత తేలిగ్గా తీసుకుంటారో నాకు అర్థం కాదు. గ్రాట్యుటీకి సాధారణంగా అయిదేళ్ల సర్వీసు నిండాలి. ఏడాదికి 15 రోజుల వేతనం, నెలకు 26 రోజుల లెక్కన. బేసిక్ 60 వేలున్నవారికి అయిదేళ్లకు లక్షా 73 వేలు. నాలుగేళ్ల తొమ్మిది నెలలప్పుడు 90 రోజుల నోటీసు ఇస్తే అయిదేళ్లు బొటాబొటిగా నిండుతాయి కదా అని ధీమాగా చెప్పేస్తారు. ‘‘ప్రాజెక్టులో పెద్ద పని లేదు, నెలాఖరుకే రిలీవ్ చేసేస్తాం’’ అంటే? వేరియబుల్ పే కూడా చాలాచోట్ల, చెల్లించే రోజుకు రోల్స్‌లో ఉన్నవాళ్లకే. జాయినింగ్ బోనస్ తీసుకుని ఏడాది నిండకపోతే తిరిగి కట్టమనే షరతు సర్వసాధారణం.

ఆడవాళ్ల విషయంలో ఇంకో లెక్క ఉంది. ప్రసూతి సెలవు 26 వారాలు రావాలంటే, కాన్పు తేదీకి ముందు 12 నెలల్లో అదే సంస్థలో కనీసం 80 రోజులు పనిచేసి ఉండాలి. నెల తప్పిన సంగతి తెలిసిన వారమే కొత్త ఆఫర్ వస్తే, ఇక్కడి నోటీసుకు 90 రోజులు, అక్కడ 80 రోజులు కలిపి కూడిక వేసుకున్నాకే ఎవరికి ఏం చెప్పాలన్న ఆలోచన చేయాలి.

కాలేజీలో ఒకలా, సర్కారులో ఒకలా

సాఫ్ట్‌వేర్ వాళ్ల బాధ నోటీసుతో పోతుంది. మన రెండు రాష్ట్రాల్లో ప్రైవేటు కాలేజీ లెక్చరర్లకు అంతకంటే పెద్ద గండం ఉంది. చేరేటప్పుడే ఒరిజినల్ సర్టిఫికెట్లు ఆఫీసులో పెట్టమనే యాజమాన్యాలు ఇప్పటికీ ఉన్నాయి. విద్యా సంవత్సరం మధ్యలో మానేస్తానంటే అవి బీరువాలోంచి కదలవు. సిలబస్ అయ్యాక రమ్మంటారు, పరీక్షలయ్యాక రమ్మంటారు. ఇక్కడ ప్రిన్సిపల్ సార్‌తో మనసు విప్పి మాట్లాడటం అన్నది సర్టిఫికెట్లు ఇంటికి చేరాకే. పాస్‌పోర్టుకో బ్యాంకు లోనుకో కావాలని ముందే తీసుకునేవాళ్లను నేను తప్పుపట్టలేను. వాటిని పట్టుకు కూర్చోవడమే అసలు తప్పు.

ప్రభుత్వోద్యోగికి ఈ దాపరికం పనికిరాదు. వేరే నియామక పరీక్ష రాస్తే ఆ సంగతి కార్యాలయ అధిపతికి రాతపూర్వకంగా తెలియజేయాలి. యూపీఎస్సీ ఈ హామీని దరఖాస్తులోనే తీసుకుంటుంది. మరో సర్కారీ కొలువు వచ్చినప్పుడు ఎన్ఓసీతో, సాంకేతిక రాజీనామా పద్ధతిలో వెళ్తే పాత సర్వీసు, జీత రక్షణ నిలుస్తాయి. బాస్‌కు చెప్పకుండా రాసినవాడు రేపు గెలిచి కూడా చిక్కుల్లో పడతాడు.

అమెరికాలో ఉన్న మనవాళ్ల సంగతి మరీ సున్నితం. హెచ్-1బి మీద ఉన్నవారి ఉద్యోగం పోతే అక్కడ ఉండనిచ్చేది 60 రోజులు, లేదా ఐ-94లో రాసిన గడువు, ఏది ముందైతే అంతవరకే. అక్కడ చాలా ఉద్యోగాల్లో కంపెనీ తలుచుకుంటే అదే రోజు పంపించేయొచ్చు. ఎడిసన్‌లోనో ఇర్వింగ్‌లోనో కూర్చుని ‘రెండు వారాల నోటీసు ఇస్తున్నాను’ అని మర్యాదగా చెబితే, ‘రేపటి నుంచి రానక్కర్లేదు’ అని అంతే మర్యాదగా జవాబు రావచ్చు. కొత్త కంపెనీ పిటిషన్ దాఖలు చేశాక అక్కడ పని మొదలుపెట్టడానికి చట్టం ఒప్పుకుంటుంది. అయినా అప్రూవల్ చేతికొచ్చేదాకా పాత బాస్‌కు చెప్పనివాళ్లే ఎక్కువ. గ్రీన్ కార్డు వరుసలో ఉంటే, కంపెనీ వేసిన ఐ-140 పిటిషన్ ఆమోదం పొంది 180 రోజులు దాటిందా లేదా అన్నది కూడా చూసుకుంటారు. దాటితే పాత కంపెనీ దాన్ని ఉపసంహరించుకున్నా ఆ ఆమోదం రద్దు కాదు. పిల్లల బడి, ఇంటి లోను ఆ తేదీలకు ముడిపడి ఉన్నప్పుడు, ఎంత మంచి మేనేజరైనా తెలుసుకోవలసినవారి వరుసలో ఆయన ఆఖరు.

సరే, ఆఫర్ లెటర్ వచ్చింది, తేదీలు కుదిరాయి. ఇప్పుడు చెప్పాలి. మెయిల్ కంటే ముందు మనిషికి చెప్పాలి. టీమ్‌లో ఎవరో అంటే విన్నానన్న బాధ ఆయనకు ఉండకూడదు. ‘‘ఇంకో అవకాశం వచ్చింది, వెళ్లాలని నిర్ణయించుకున్నాను’’ అంటే చాలు. కారణాలు అల్లొద్దు. అమ్మకు ఒంట్లో బాగాలేదు, భీమవరం వెళ్లిపోతున్నానని చెప్పినవాడు నెల తిరక్కుండా లింక్డ్‌ఇన్‌లో గచ్చిబౌలి బిల్డింగ్ ముందు కొత్త బ్యాడ్జితో ఫొటో పెడతాడు. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌కి ఫోన్ వెళ్లేది పాత ఆఫీసుకే అన్నది ఆ ఉత్సాహంలో గుర్తుండదు.

‘‘ఏ కంపెనీ?’’ అన్నదానికి ‘‘జాయిన్ అయ్యాక నేనే చెప్తానన్నా’’ అనొచ్చు. పోటీ కంపెనీకి, అదే క్లయింటుకు వెళ్తుంటే ఈ జాగ్రత్త మరీ అవసరం. కంపెనీ వదిలాక ఆరు నెలలపాటు ఫలానా పోటీ సంస్థల్లో అదే క్లయింటుకు పనిచేయకూడదని ఇన్ఫోసిస్ పెట్టిన షరతు మీద 2022లో నైటెస్ అనే ఉద్యోగుల సంఘం కేంద్ర కార్మిక శాఖకు ఫిర్యాదు చేసింది. ఉద్యోగం మానేశాక కూడా వృత్తి చేసుకోనివ్వని ఒప్పందాలు 1872 నాటి కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ ముందు సాధారణంగా నిలవవు. అలాగని చాయ్ బండి లాయర్లు చెప్పినట్టు ఏ బాండూ చెల్లదనుకుంటే పొరపాటే. మూడేళ్లలోపు మానేస్తే 2 లక్షలు కట్టాలన్న విజయా బ్యాంకు షరతును సుప్రీంకోర్టు 2025 మేలో సమర్థించింది.

మేనేజర్లకు కూడా ఒక మాట. మీ దగ్గర పనిచేసేవాడు చివరి రోజుదాకా నోరు విప్పలేదంటే వాణ్ని కపటి అనుకునే ముందు, అంతకుముందు నిజం చెప్పినవాడికి మీ టీమ్‌లో ఏం జరిగిందో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. వాడు అది చూశాడు.

ఇక రాజీనామా మెయిల్. రెండు వాక్యాలు, చివరి పనిదినం తేదీ. థ్యాంక్స్ రాయాలనిపిస్తే రాయండి, ఫిర్యాదులు మాత్రం అందులో వద్దు. పంపేటప్పుడు మీ సొంత మెయిల్ ఐడీకి ఒక కాపీ పెట్టుకోండి. అంగీకరించినట్టు వచ్చిన జవాబునూ అలాగే భద్రం చేసుకోండి. ఆఫీసు ఫైళ్లు మాత్రం ఒక్కటీ పంపుకోవద్దు. కొన్నిచోట్ల ఆ సాయంత్రానికే లాగిన్ ఆగిపోతుంది. ఏ తేదీన ఏమని రాశారో చూపించడానికి మీ దగ్గర మిగిలేది ఆ కాపీయే.