గొట్టంలో పాచి

కోనేటి మెట్లమీద పాచి చూడనివారు వుండరు. కాలు జారి పడ్డవారూ వున్నారు. పొద్దున్నే లేచి పళ్లమీద మనం తోముకునేదీ పాచే. తెలుగువాడు రెండింటికీ ఒకటే మాట వాడడంలో ఔచిత్యం వుంది. సూక్ష్మజీవులు తడి వున్నచోట అతుక్కుని, చుట్టూ జిగురు అల్లుకుని, గుంపుగా కాపురం పెడితే దానిని శాస్త్రజ్ఞులు బయోఫిల్మ్ అంటారు. మన పాచి అదే.

ఈస్టు పేరు మీరు వినేవుంటారు. కల్లు పొంగేదీ, రొట్టె ఉబ్బేదీ దానివల్లనే. ఆ తెగలోనిదే కాండిడా. ఆరోగ్యవంతులలో చాలామందికి నోటిలోనూ పేగులలోనూ కాండిడా ఆల్బికాన్స్ అనేది కిక్కురుమనకుండా బతుకుతూ వుంటుంది. చంటిపిల్లల నాలుకమీద తెల్లని పూత పూయించేది యిదే. దానిని అదుపులో వుంచేవి రెండు: మన ఒంటిలోని రోగనిరోధక శక్తి, పేగులలో దాని పొరుగున వుండే మంచి బాక్టీరియా. అవసరం లేకపోయినా మందులషాపులో అడిగి తెచ్చుకుని యాంటిబయాటిక్స్ మింగితే ఆ పొరుగువారు చస్తారు. దీనికి జాగా దొరుకుతుంది.

ఇక ఆసుపత్రికి రండి. పెద్ద ఆపరేషను అయిన రోగికి మెడదగ్గర రక్తనాళంలోకి సన్నని ప్లాస్టిక్ గొట్టం వేస్తారు. మందులు పోయేది దానిగుండానే. ప్రాణం నిలిపే ఆ గొట్టమే ఈస్టుకు కోనేటి మెట్టు. మొదట గుండ్రని కణాలు దానికి అతుక్కుంటాయి. కొద్ది గంటలలో వాటికి పోగులు మొలుస్తాయి. ఒకటి రెండు రోజులలో పోగులు పెనవేసుకుని, జిగురు కప్పుకుని, పొర గట్టిపడుతుంది. ఆ తర్వాత కొన్ని కణాలు విడివడి, రక్తంలో కొట్టుకుపోయి, గుండె కవాటాలకూ, కళ్లకూ, మూత్రపిండాలకూ చేరవచ్చు. ఎంతకూ తగ్గని జ్వరమే చాలాసార్లు పైకి కనిపించే గుర్తు.

మందు వేస్తే పోదా? విడిగా తిరిగే ఈస్టును అణిచే ఫ్లూకొనజోల్, పాచిలోని ఈస్టుపై వెయ్యిరెట్ల మోతాదులోనూ పనిచేయకపోవచ్చునని ప్రయోగశాలలలో తేలింది. జిగురు మందును మధ్యలోనే పట్టి ఆపుతుంది. కాస్పోఫంజిన్ వంటి మందులు కొంత మెరుగు. అయినా వైద్యులు చాలాసార్లు గొట్టాన్నే తీసివేస్తారు. "వున్నది లాగేసి మళ్లీ పొడుస్తారా!" అని బంధువులు విసుక్కోవడం కద్దు. కాని పాచి పట్టిన గొట్టం వుండగా జ్వరం తగ్గడం కష్టం.

2009లో జపానులో ఒక వృద్ధురాలి చెవిలో దొరికిన ఈస్టుకు కాండిడా ఆరిస్ అని పేరుపెట్టారు. లాటిన్‌లో ఆరిస్ అంటే చెవి. ఇది మంచపు కమ్ములమీద కూడా రోజులతరబడి బతికి, ఒక రోగినుంచి మరొకరికి పాకుతుంది. ఢిల్లీ ఆసుపత్రులలో కనిపించినట్లు 2013లో వెల్లడైంది. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించిన ప్రమాదకర శిలీంధ్రాల జాబితాలో ఆరిస్, ఆల్బికాన్స్ రెండూ మొదటి వరుసలోనే వున్నాయి.

రోగిని చూడబోయేవారు చేయగలది లేకపోలేదు. మంచందగ్గరకు పోయేముందూ, వచ్చేముందూ చేతులు శుభ్రంగా కడుక్కోవాలి. గొట్టాన్ని ముట్టరాదు. "డాక్టరుగారూ, యీ గొట్టం యింకా అవసరమేనా అండీ?" అని అడగడం మర్యాదకు లోటు కాదు. ఇంటిలో తాతగారి కట్టుడుపళ్లకూ యీ పాచి పడుతుంది. రాత్రి వాటిని తీసి, తోమి, నీళ్లలో వుంచమని చెప్పండి. వినకపోతే మనవరాలిచేత చెప్పించండి.